సింగపూర్ నుంచి న్యూయార్క్: నేరుగా వెళ్లి, ఆగి తిరిగొచ్చిన ప్రయాణం

సింగపూర్ చాంగీ విమానాశ్రయం నుంచి న్యూయార్క్‌లోని జాన్ ఎఫ్. కెనెడీ విమానాశ్రయానికి అతి దగ్గరి దారి దాదాపు 15,350 కిలోమీటర్లు. గంటకు 900 కిలోమీటర్ల చొప్పున లెక్క కడితే 17 గంటలు చాలాలి. కానీ సింగపూర్ ఎయిర్‌లైన్స్ నేరు విమానానికి కాలపట్టికలో 18 గంటలకు పైనే ఉంటుంది. నేను వెళ్లేటప్పుడు ఆ విమానంలో నేరుగా వెళ్లి, వచ్చేటప్పుడు జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక రాత్రి ఆగి వచ్చాను.

నేరు విమానం ఎయిర్‌బస్ ఏ350-900 యూఎల్ఆర్ (అల్ట్రా లాంగ్ రేంజ్, అంటే అతి దూర ప్రయాణాలకు చేసిన రకం). అందులో ఉన్నవి 161 సీట్లే: 67 బిజినెస్, 94 ప్రీమియం ఎకానమీ. మామూలు ఎకానమీ లేదు కనుక టికెట్ ధర చూసేటప్పుడు ఈ సంగతి ముందే గుర్తుంచుకోవాలి. మా విమానం ఉత్తర ధ్రువం వైపు పోయే దగ్గరి దారిని వదిలి, జపాన్ పక్కగా పసిఫిక్ మీదుగా సాగింది. అక్కడ పడమటి నుంచి తూర్పుకు బలంగా వీచే జెట్ గాలులు వెనక నుంచి తోస్తాయి కాబట్టి, దూరం పెరిగినా సమయం కలిసొస్తుంది. సీటు ముందున్న తెర మీద వేగం 1,100 కిలోమీటర్లు దాటి, గాలి తగ్గాక మళ్లీ 900 దగ్గరికి దిగిరావడం నేను కళ్లారా చూశాను. పన్నెండు గంటలు గడిచేసరికి పాదాలు వాచి, విప్పిన బూట్లు మళ్లీ ఎక్కలేదు. లేసులన్నీ వదులు చేసి, అటూ ఇటూ నాలుగుసార్లు నడిచాక గానీ కాళ్లు కుదుటపడలేదు. వేసవిలో రెండు నగరాల మధ్య తేడా సరిగ్గా 12 గంటలు కావడంతో, అర్ధరాత్రి దాటాక బయలుదేరిన మేము అదే తేదీ ఉదయం దిగాము. అక్కడ తెల్లవారుతుంటే, శరీరానికి మాత్రం అది సాయంత్రమే.

చాంగీలో ఇమిగ్రేషన్ దాటాక లోపలే గంటల లెక్కన గది ఇచ్చే ట్రాన్సిట్ హోటళ్లు ఉండడం అర్ధరాత్రి విమానానికి ఎంతో మేలు చేసింది. 40 మీటర్ల జలపాతం ఉన్న జ్యువెల్ మాత్రం ఇమిగ్రేషన్‌కు బయట ఉంది కాబట్టి, దాన్ని ముందే చూసి రావాలి.

తిరుగు దారిలో న్యూయార్క్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ దాదాపు 6,200 కిలోమీటర్లు, అక్కడి నుంచి సింగపూర్ మరో 10,300. మొత్తం దూరం వెయ్యి కిలోమీటర్లకు పైగా పెరిగింది. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలోనే రైలు స్టేషన్ ఉంది. ఎస్-బాన్ అనే లోకల్ రైలు పావుగంటలో నగరంలోని ప్రధాన స్టేషన్‌కు చేర్చింది. ఉదయమే దిగిన నాకు హోటల్‌లో మధ్యాహ్నం మూడు గంటల దాకా గది ఇవ్వలేదు. నిద్రలేని కళ్లతో లాబీలో కూర్చున్న ఆ గంటలు విమానంలో కన్నా బరువుగా గడిచాయి. మళ్లీ వెళ్తే ముందు రాత్రి నుంచే గది తీసుకుంటాను. షెంగెన్ వీసా (జర్మనీ సహా చాలా ఐరోపా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) అవసరమైనవారు విమానాశ్రయం బయట బస చేయాలంటే అది ముందుగానే చేతిలో ఉండాలి. అయినా ఆ రాత్రి మంచం మీద కాళ్లు చాపి పడుకున్నందువల్ల, సింగపూర్‌లో దిగిన రోజే నా పనులన్నీ చూసుకోగలిగాను. న్యూయార్క్‌లో అలా కుదురుకోవడానికి నాకు మూడు రోజులు పట్టింది.