వి-బ్రేకా, డిస్క్ బ్రేకా: సైకిల్‌కి ఏది మేలు?

పదిహేను వేల లోపు సైకిల్ అడిగితే షాపువాళ్లు ముందు చూపించేది డిస్క్ బ్రేకే, అంటే చక్రం మధ్యలో ఉండే రేకుని ప్యాడ్లతో పట్టి ఆపేది. అయితే ఆ ధరలో సాధారణంగా వచ్చేది వైరుతో లాగే మెకానికల్ డిస్క్. బైకుల్లో ఉండే ఆయిల్ డిస్క్‌తో దాన్ని పోల్చకూడదు.

రోజూ తారు రోడ్డు మీద ఆఫీసుకో కాలేజీకో వెళ్లేవాళ్లకి, రిమ్‌ని రెండు పక్కల నుంచి రబ్బరు షూలతో నొక్కి ఆపే వి-బ్రేకే మేలు. బాగా బిగిస్తే రెండు వేళ్లతో ఆగుతుంది, షూలు ఎక్కడైనా దొరుకుతాయి. షూకీ రిమ్‌కీ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు చాలు. షూ పైకి జరిగి టైరుకి రాసుకుంటే మాత్రం టైరు పక్క తెగి, ట్యూబు బయటికి ఉబ్బి పేలుతుంది. షూ మీద గాళ్లు చెరిగిపోయాయంటే మార్చేయాలి.

దీనికి పడనిది వాన. తడిసిన రిమ్ మీద నొక్కగానే పట్టదు. ముందు షూ రిమ్ మీది నీళ్లు తుడవాలి, ఈలోగా బండి ముందుకు పోతుంది. గుంటలో పడి రిమ్ వంకరపోతే ఇంకో తంటా. షూ రాసుకుంటోందని వైరు వదులు చేస్తారు, బ్రేకు సగం పోతుంది. తీయించాల్సింది రిమ్ వంకర.

వానాకాలంలో వికారాబాద్ అనంతగిరి లాంటి బురద బాటలు తొక్కేవాళ్లు డిస్కే తీసుకోండి. బురద అంత త్వరగా అంటదు, రిమ్ కాస్త వంకరైనా పట్టు తగ్గదు. కానీ చాలా మెకానికల్ డిస్కుల్లో బయటి ప్యాడ్ ఒక్కటే కదులుతుంది. అది డిస్క్ రేకుని వంచి లోపలి ప్యాడ్‌కి నొక్కుతుంది. ప్యాడ్లు అరిగాక అందరూ వైరే బిగిస్తూ పోతారు. అది తప్పు. ముందు చక్రం వైపు నుంచి అలెన్ కీతో లోపలి ప్యాడ్‌ని రేకుకి తగలకుండా వీలైనంత దగ్గరికి జరపాలి, ఆ తర్వాతే వైరు.

డిస్క్‌కి అసలు శత్రువు నూనె. చైనుకి కొట్టిన స్ప్రే రేకు మీద పడితే బ్రేకు కీచుమంటుంది, పట్టదు. రేకుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవొచ్చు. నూనె పీల్చిన ప్యాడ్లు పారేయడమే. కొత్త రేకు సుమారు 1.8 మిల్లీమీటర్లు, 1.5కి అరిగితే మార్చాలి.

అరకు ఘాట్ లాంటి దిగుడులో ఏ బ్రేకైనా అదేపనిగా నొక్కి ఉంచితే వేడెక్కుతుంది. మలుపుకి ముందే వేగం తగ్గించి వదిలేయండి, గులకరాళ్ల మీద మలుపు మధ్యలో ముందు బ్రేకు ముట్టుకోకండి. ఏ లివర్ ముందు చక్రానిదో కొత్త సైకిల్ ఎక్కకముందే చూసుకోండి, అన్నిటికీ ఒకే వైపు ఉండదు.

ఇప్పుడు వి-బ్రేక్ కొని తర్వాత డిస్క్ వేయించుకుందామంటే, ఫ్రేముకీ, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకీ డిస్క్ బ్రేకు బిగించే చోటు, చక్రాలకి డిస్క్ హబ్బులు (రేకు బిగించగల నడిమి భాగాలు) ఉండాలి. కొనేటప్పుడే అడగండి.