ఆఫీసుకి ఏబీసీ పౌడరా, సీవోటూనా: ఏది మేలు?

ఆఫీసుకి ఫైర్ ఎక్స్‌టింగ్విషర్లు కొనేటప్పుడు చాలామంది అడిగేది ఒకటే: "ఏదో ఒక రకం చెప్పండి, అన్నిచోట్లా అదే పెట్టేస్తాం." అలా ఒకే రకం కొనేస్తేనే ఇబ్బంది. కాగితాల గదిలో పనికొచ్చే సిలిండర్ సర్వర్ రూమ్‌లో వాడితే మంట ఆరుతుంది కానీ సర్వర్లు మిగలవు, సర్వర్ రూమ్‌కి సరిపోయేదేమో కాగితాల మంట దగ్గర చేతులెత్తేస్తుంది.

ముందు ఏబీసీ పౌడర్ సంగతి. ఇది ఎలాంటి మంటలకు పనికొస్తుందో ఆ మూడు అక్షరాలే చెబుతాయి. ఏ అంటే చెక్క, కాగితం, బట్ట లాంటివి, బి అంటే పెట్రోలు, థిన్నర్ లాంటి మండే ద్రవాలు, సి అంటే గ్యాస్. (అమెరికా పద్ధతిలో సి అంటే కరెంటు పరికరాలు, అందుకే అక్షరాలతో పాటు లేబుల్ మీది బొమ్మలు కూడా చూసుకోండి.) ఇందులో ఎక్కువగా ఉండేది మోనో అమోనియం ఫాస్ఫేట్. ఇది మంటలో జరిగే రసాయన చర్యను తెంపేయడమే కాకుండా, వేడికి కరిగి కాలుతున్న చెక్క మీదా కాగితం మీదా పొరలా అతుక్కుని గాలి తగలనివ్వదు. కరెంటు మంటల మీదా వాడొచ్చు. ఏ మంటో తేల్చుకునేంత టైమ్ లేని కంగారులో ఇంతకంటే నమ్మకమైనది లేదు.

కానీ మూసి ఉన్న గదిలో కొట్టి చూడండి, క్షణాల్లో గదంతా పొగమంచు కమ్మినట్టు అయిపోయి, తలుపు ఎటుందో కూడా కనపడదు, దగ్గు ఆగదు. ఆ మెత్తటి పొడి ఫ్యాన్ రంధ్రాల్లోంచి కంప్యూటర్లలోకి దూరి సర్క్యూట్ బోర్డుల మీద పేరుకుంటుంది, గాలిలో తేమ తగిలితే లోహాన్ని తినేయడం మొదలుపెడుతుంది. మంట అంటుకోని మెషీన్లు కూడా ఆ తర్వాత రోజుల్లో ఒక్కొక్కటిగా పాడవుతాయి.

సీవోటూ దీనికి పూర్తిగా భిన్నం. సిలిండర్‌లో ఒత్తిడి మీద ద్రవంగా ఉన్న కార్బన్ డయాక్సైడ్ బయటికి రాగానే వాయువై మంట చుట్టూ ఉన్న ఆక్సిజన్‌ను పక్కకు నెడుతుంది. తర్వాత తుడవడానికి ఏమీ మిగలదు, కరెంటును ప్రవహింపజేయదు, అందుకే ప్యానెల్ బోర్డులు, సర్వర్లు, యూపీఎస్ దగ్గర దీన్ని మించింది లేదనే నేనంటాను. కాకపోతే దీని బలం ఒకటి రెండు మీటర్ల దూరం వరకే, బాగా దగ్గరికి వెళ్లాలి. వాడుతున్నప్పుడు హారన్ (వాయువు బయటికొచ్చే గరాటు లాంటి మూతి) మంచు పట్టేంత చల్లబడుతుంది, లోపల తయారయ్యే పొడి మంచు (డ్రై ఐస్) మైనస్ 78 డిగ్రీలు ఉంటుంది. హారన్‌ని నేరుగా పట్టుకుంటే చర్మం కాలినట్టే దెబ్బతింటుంది కాబట్టి హ్యాండిల్ దగ్గరే పట్టుకోవాలి.

ఇంకో పెద్ద లోపం, అంత చల్లగా వచ్చినా కాలుతున్న వస్తువును మాత్రం ఇది పెద్దగా చల్లబరచదు. కాగితాల కట్ట మీద కొడితే పైన మంట ఆరినట్టే ఉంటుంది కానీ లోపల నివురుగప్పిన నిప్పు అలాగే ఉండి, వాయువు చెదిరిపోగానే మళ్లీ రాజుకుంటుంది. పైగా ఆ ఊపుకి కాలుతున్న కాగితాలు ఎగిరి పక్కన పడే ప్రమాదం ఉంది. చిన్న గదిలో వాడితే మనం పీల్చుకోవాల్సిన ఆక్సిజన్ కూడా తగ్గిపోతుంది, పని కాగానే బయటికొచ్చేసి, మంట మళ్లీ లేవదని తేలాకే తలుపులు తెరిచి గాలి ఆడనివ్వాలి.

చెకింగ్ కూడా రెండింటికీ ఒకలా ఉండదు. ఏబీసీకి మామూలుగా లోపలి ఒత్తిడి చూపించే గేజ్ ఉంటుంది, ముల్లు పచ్చ రంగులో ఉందో లేదో రోజూ అటుగా వెళ్లేవాళ్లు కూడా చూడొచ్చు. సీవోటూకి గేజ్ ఉండదు, తూకం వేయాల్సిందే, లోపల ఉండాల్సిన వాయువులో 10 శాతం తగ్గినా రీఫిల్‌కి పంపాలి. గోడకు వేలాడుతున్న సిలిండర్ ఖాళీదో నిండుదో చూసి చెప్పలేం. చాలా ఆఫీసుల్లో ఈ తూకమే ఎవరూ వేయించరు, నాకు ఎక్కువ భయం వేసేది అక్కడే.

నన్నడిగితే కారిడార్లు, స్టోర్ రూమ్, రిసెప్షన్ దగ్గర ఏబీసీ, ప్యానెల్ రూమ్, సర్వర్ రూమ్ తలుపు బయట సీవోటూ. ఒక్కటే కొనగలిగితే ఏబీసీనే కొనండి, మెషీన్లు పోయినా మనుషులు మిగలాలి. ల్యాప్‌టాప్, స్కూటర్ లిథియం బ్యాటరీల మంటకి మాత్రం రెండూ చాలవు, పైమంట ఆరినా లోపల వేడి పుడుతూనే ఉంటుంది. వాటి దగ్గర హీరోయిజం వద్దు, అందరినీ బయటికి పంపి ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేయండి.

6 కిలోల పౌడర్ సిలిండర్ అర నిమిషం కూడా రాదు. ఆ కాస్త సమయంలో పిన్ ఎలా లాగాలో వెతుక్కుంటూ కూర్చుంటే అయిపోయినట్టే. కాబట్టి రీఫిల్‌కి పంపే రోజున పాత సిలిండర్లను రీఫిల్ వాళ్ల ముందే, బయట ఖాళీ స్థలంలో స్టాఫ్ చేత కొట్టించండి. ఎలాగూ ఖాళీ చేయాల్సినవే.