మూన్ ఓవర్ సోహో: శవంలో మిగిలిపోయిన పాట

లండన్‌లోని సోహోలో కచేరీ ముగించిన కాసేపటికే ఒక శాక్సఫోన్ వాద్యకారుడు కుప్పకూలిపోతాడు. పేరు సైరస్ విల్కిన్సన్, పొట్టకూటికి అకౌంటెంటు, మిగిలిన పొద్దంతా జాజ్. చూసినవాళ్లకి మామూలు గుండెపోటే. మార్చురీలో ఆ శవం మీదికి వంగిన, మంత్రవిద్య నేర్చుకుంటున్న కానిస్టేబుల్ పీటర్ గ్రాంట్‌కి మాత్రం ‘బాడీ అండ్ సోల్’ అనే జాజ్ పాట వినిపిస్తుంది.

బెన్ ఆరొనొవిచ్ నవల ‘రివర్స్ ఆఫ్ లండన్’, దాని కొనసాగింపు ‘మూన్ ఓవర్ సోహో’ రెండూ 2011లోనే వచ్చాయి. మళ్లీ మళ్లీ చదివాక కూడా నాకు రెండోదే మెరుగనిపిస్తోంది. కారణం ఆ పాటే. ఈ నవలల్లో మంత్రప్రయోగం జరిగితే ఆనవాలు మిగులుతుంది, దాన్ని ‘వెస్టీజియం’ అంటారు. రాయి దాన్ని బాగా పట్టి ఉంచుతుంది, మాంసం అంతగా ఉంచదు. అలాంటిది ఒక శవంలో పాట గుర్తుపట్టేంత స్పష్టంగా ఉందంటే ప్రయోగం ఎంత బలమైనదో మనమే లెక్క కట్టుకోవచ్చు. రచయిత దీన్ని భయపెట్టడానికి వాడుకోడు, వేలిముద్రలా వాడతాడు.

ఆ పాట ఎవరి వాయింపు? పీటర్ ఈ ప్రశ్నను ఫోరెన్సిక్ ల్యాబుకి కాదు, కన్నతండ్రి దగ్గరికి తీసుకెళతాడు. ఒకప్పటి ట్రంపెట్ విద్వాంసుడు, హెరాయిన్ చేతిలో బతుకు చెడగొట్టుకున్న మనిషి. అదే పాటను ఎంతమంది రికార్డు చేశారో! ఆయన వింటూ కాదు, కాదు అంటూ పోయి ఒకచోట ఆగుతాడు: కెన్ ‘స్నేక్‌హిప్స్’ జాన్సన్. జాన్సన్ కల్పిత పాత్ర కాదు. బ్రిటిష్ గయానాలో పుట్టిన ఈ బ్యాండ్ నాయకుడు 1941 మార్చి 8 రాత్రి, లండన్‌లో నేలమాళిగలో ఉన్న నైట్‌క్లబ్బు కెఫె ద పారీలో వేదిక మీద ఉండగానే జర్మన్ బాంబు పడి చనిపోయాడు. అప్పటికి వయసు 26. ఆ రాత్రి అక్కడ 30 మందికి పైగా పోయారు. కేసు మూలాలన్నీ ఆ నేలమాళిగలోకే దిగుతాయి. ఇంతకు మించి చెబితే మీకు మిగిలేదేమీ ఉండదు.

చిన్న విషయాల్లో కూడా పట్టు ఉంది. మంత్రం వేస్తే దగ్గర్లో కరెంటు పారుతున్న చిప్పులు ఇసుకైపోతాయని మొదటి పుస్తకంలో తేలింది. ఆ దెబ్బకి ఎన్ని ఫోన్లు పోయాయో! అందుకే పీటర్ ఫోనుకి బ్యాటరీ కలపడానికి, విడదీయడానికి ఒక స్విచ్ బిగించుకుంటాడు. స్విచ్ ఆపడం మరిచిపోతే ఏమవుతుందో తెలుసు కాబట్టి, ప్రతి తగాదాలోనూ మన కన్ను దాని మీదే ఉంటుంది. క్షుద్ర నవలలంటే నిమ్మకాయలు, బొమ్మలు, సూదులు అనుకునేవాళ్లకి ఈ ప్రయోగశాల బుద్ధి కొత్తగా ఉంటుంది.

లోపాలూ తక్కువేం కాదు. హంతకులు ఎవరన్నది సగం దాటకముందే మీరు పసిగట్టేస్తారు. పీటర్‌కి మాత్రం కళ్లు మూసుకుపోయి ఉంటాయి, కారణం వలపు. మొదటిసారి విసుగొచ్చే ఈ భాగమే రెండోసారి చదివితే బరువెక్కుతుంది, ఎందుకంటే అప్పుడు చూసేది ఎవరు చేశారని కాదు, చేసినవాళ్లకి తాము చేస్తున్నది తెలుసా అని. తెలియకుండా చంపేవాళ్లను ఏం చేయాలన్న దానిపై పీటర్‌కీ అతని గురువు నైటింగేల్‌కీ జరిగే వాదనే నా దృష్టిలో ఈ పుస్తకానికి గుండెకాయ. పీటర్‌ది చట్టం, నైటింగేల్‌ది యుద్ధం చూసొచ్చినవాడి మొరటుతనం. 

ఇక ఇందులోనే పక్కన నడిచే రెండో కేసు, ముఖం లేని మాంత్రికుడిది. జాజ్ కేసుకి దాన్ని గట్టిగా కుట్టలేదు, టాకాలు వేసినట్టుంటుంది. పైగా ఇక్కడ ముగియదు, ఇదే వరుసలోని 2018 నాటి నవల ‘లైస్ స్లీపింగ్’ దాకా సాగుతుంది. ఈ కేసులో వచ్చే ఒక క్లబ్బులో జరిగిన ఘోరాల వర్ణన ఉన్న అధ్యాయాన్ని భోజనం ముందు పెట్టుకోకండి.

మొదటి పుస్తకం చదవకుండా దీన్ని ముట్టుకోవద్దు. పీటర్ తోటి కానిస్టేబుల్ లెస్లీ మే ముఖానికి ఏమైందో తెలియకపోతే ఆమె కనిపించే సన్నివేశాలన్నీ పేలవంగా తేలిపోతాయి. లండన్ యాసతో, పోలీసు పొడి అక్షరాలతో తంటా పడేవాళ్లు కోబ్నా హోల్డ్‌బ్రూక్-స్మిత్ చదివిన ఆడియో వినండి, పేజీ మీద అర్థంకాని వెటకారం చెవిలో పడగానే అందుతుంది. మూడోది ‘విస్పర్స్ అండర్ గ్రౌండ్’ కూడా పక్కనే పెట్టుకోండి. ‘మూన్ ఓవర్ సోహో’ చివర్లో లెస్లీ చేసి చూపించేది ఒక్క క్షణం పనే గాని, అది చూశాక ఆ రాత్రికి పుస్తకం మూసి పడుకోవడం కష్టం.