విజయనగరం నుంచి సోంపేట దాకా: మా సంఘం టీమ్ ప్రయాణం

యవ్వనస్థుల కూటాల్లో ఎప్పుడూ వచ్చే ప్రశ్న ఒకటుంది: "దేవుడు నన్ను దేనికి పిలిచాడు?" జవాబు కోసం చాలామందిమి తలుపులు వేసుకుని ఒంటరిగా ప్రార్థిస్తాం. అది అవసరమే. కానీ పిలుపు వినిపించేది ఒకరికైనా, దాన్ని నిలబెట్టేది పక్కనున్నవాళ్లే. శ్రీకాకుళం జిల్లాలోని సోంపేట దాకా వెళ్లొచ్చాక ఈ మాట ధైర్యంగా రాయగలుగుతున్నాను. ఇలాంటి ప్రయాణం పెట్టుకునే సంఘాలకు పనికొచ్చేలా బండి, బస, భోజనం వివరాలు కూడా చెబుతాను.

మా టీమ్‌లో మా పాస్టరు అయ్యగారు, రిటైరైన టీచరమ్మ, వడ్రంగం చేసే అన్నయ్య, కీబోర్డు వాయించే తమ్ముడు, వంట తనమీద వేసుకున్న పిన్ని, డయాలసిస్ టెక్నీషియన్ కోర్సు పూర్తిచేసిన ఒక చెల్లి ఉన్నారు. లెక్కలు, బుకింగ్‌లు నావి. ఆ చెల్లికి సోంపేట, పలాస వైపు కిడ్నీ జబ్బుతో బాధపడే ఉద్దానం ప్రాంతం మీద భారం ఉంది. ఇంట్లోవాళ్లకు మాత్రం ఆమెను విశాఖలో పెద్ద ఆసుపత్రిలో చేర్చాలని ఉంది. వెళ్లి చూసి, అందరం కలిసి ప్రార్థించి నిర్ణయించుకుందాం అన్నారు అయ్యగారు. అలా బయల్దేరాం.

బండి విషయంలో రెండు దారులు ఉన్నాయి. రైలు చవక. విజయనగరం, శ్రీకాకుళం రోడ్, పలాస, సోంపేట అన్నీ హౌరా లైన్ మీదే ఉన్నాయి. అయితే శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఊళ్లో లేదు, ఆమదాలవలసలో ఉంది. అక్కడి నుంచి మళ్లీ ఆటోయో బస్సో ఎక్కాలి. కీబోర్డు, వంట సామాను, వడ్రంగి పెట్టె ఉండటంతో మేం వ్యానే మాట్లాడుకున్నాం. కిలోమీటరుకి ఇంత, డ్రైవర్ బత్తా వేరుగా అని ముందే కాగితం మీద రాయించుకోండి. నాతవలస దగ్గర హైవే ఎక్కితే రణస్థలం మీదుగా శ్రీకాకుళం చేరడం సులువు. మా డ్రైవర్ మన విశ్వాసి కాదు. అయినా ప్రతి పూటా మాతోనే కూర్చుని తిన్నాడు. దారి, టైము, ఎక్కడ ఆగాలన్నది ఆయన మాటే ఫైనల్ అనుకున్నాం. దాంతో సగం టెన్షన్ తగ్గింది.

శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్‌కి దగ్గర్లో ఒక లాడ్జిలో దిగాం. గదులు పరవాలేదు, మంచం శుభ్రంగా ఉంది. కానీ ఫోన్‌లో చెప్పిన రేటు ఒకటి, కౌంటర్ దగ్గర అడిగింది ఇంకొకటి. టీచరమ్మ నెమ్మదిగా, గట్టిగా మాట్లాడితే మొదటి రేటుకే ఒప్పుకున్నారు. ఇక్కడ ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది శనివారం రాత్రి. ఆదివారం అరసవల్లి సూర్యదేవాలయానికి భక్తులు ఎక్కువగా వస్తారు కాబట్టి లాడ్జీలు నిండిపోతాయి. వారం మధ్యలో వెళ్తే ప్రశాంతంగా ఉంటుంది.

శ్రీకాకుళంలో ఆగింది ఊరు చూడటానికి కాదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చి, తెలుగు నేర్చుకుని బైబిలు అనువాదం మొదలుపెట్టారు. తెలుగు బాగా తెలిసిన ఆనందరాయర్ వాళ్లతో కలిశాడు. క్రాన్ 1809లో ఈ శ్రీకాకుళంలోనే చనిపోయాడు. మరుసటి ఏడాది డెస్ గ్రాంజెస్ పోయాడు. వాళ్లు పని చేసిన సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అప్పటికి ఇద్దరిలో ఒక్కరూ లేరు. తర్వాత ఎడ్వర్డ్ ప్రిచెట్ పూనుకుంటే 1818లో మద్రాసులో కొత్త నిబంధన వచ్చింది. ఈ మాట అయ్యగారు నాగావళి వంతెన దాటుతుంటే చెప్పారు. వ్యాన్‌లో ఎవరూ కాసేపు మాట్లాడలేదు. మన చేతిలో ఉన్న బైబిలు వెనుక ఇంతమంది ఉన్నారు. తన పని అచ్చులో చూసుకోకుండానే వెళ్లిపోయినవాడి పిలుపు విఫలమైందని ఎవరనగలరు?

ఇలా ఒకరి పని ఒకరు అందుకోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. మన కీర్తనల పుస్తకంలో ఎక్కువగా కనిపించే పురుషోత్తమ చౌదరి 1803లో పర్లాకిమిడి ప్రాంతంలోనే పుట్టారు. 1870ల్లో కెనడా బాప్టిస్టులు శ్రీకాకుళం వచ్చారు. ఒక్కొక్కరూ ముందున్నవాళ్ల పని అందుకున్నవాళ్లే.

టెక్కలి, పలాస మీదుగా సోంపేట. దారిలో మందస కోవా కొనుక్కోండి. పలాస జీడిపప్పు రోడ్డు పక్క కంటే ఊళ్లో దుకాణాల్లో కొంటే మేలు. బారువ తీరం, లైట్‌హౌస్ బాగుంటాయి, ఒక సాయంత్రం చాలు.

సోంపేటలో లాడ్జి వద్దనుకుని స్థానిక సంఘంవాళ్ల హాల్లో ఉన్నాం. చాపలు, దుప్పట్లు మేమే తెచ్చుకున్నాం. దోమలు బాగా ఉన్నాయి, స్నానాలకు లైను కట్టాలి, రాత్రి కరెంటు రెండుసార్లు పోయింది. అద్దె తీసుకోలేదు, కానుకగా ఇచ్చి వచ్చాం. శ్రీకాకుళం గదికి సౌకర్యంలో ఇది సాటి రాదు. అయినా రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే నేను ఈ హాలే అంటాను. రాత్రి వేళ అక్కడి పెద్దమ్మ ఒకరు చెంబుతో మజ్జిగ పట్టుకుని వచ్చి, "ఏటమ్మా, అందరూ భోంచేసారా నేదా?" అని ఒక్కొక్కరినీ అడిగింది. ఊరి సంగతులు, ఎవరింట్లో ఎవరికి బాగోలేదో అన్నీ ఆ మజ్జిగ దగ్గరే తెలిశాయి. లాడ్జిలో ఉంటే ఇవి ఎవరు చెబుతారు?

సోంపేట పేరు చెబితే నాకు గుర్తొచ్చేది డాక్టర్ బెన్ గల్లిసన్. కెనడా నుంచి వచ్చిన ఈ మిషనరీ డాక్టరు ఇక్కడి ఆరోగ్యవరం ఆసుపత్రిలో కంటి ఆపరేషన్లు చేసేవారు. ఆయన మాటలు విని కల్గరీ నగరంలో ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారి 1963లో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ పెట్టారు. ఒకరు కత్తి పట్టారు, ఒకరు డబ్బు కూడగట్టారు. జెంకిన్స్ డాక్టరు కాదు, పాస్టరు కాదు. ఆయనది పిలుపు కాదా? మా కీబోర్డు తమ్ముడు ఇది విన్నాక, "అయితే అన్నా, మీ లెక్కల పుస్తకం కూడా పరిచర్యే" అన్నాడు. నిజమే అనుకున్నాను.

పొద్దున ధ్యానానికి నెహెమ్యా మూడో అధ్యాయం చదువుకున్నాం. పేర్ల జాబితా అని దాటేసే భాగం అది. అందులో బంగారపు పనివాడు గోడ కడతాడు, సుగంధద్రవ్యాలు చేసేవాడు కడతాడు, ఒక అధికారి తన కూతుళ్లతో కలిసి కడతాడు. ఎవరికి ఎదురుగా ఉన్న ముక్క వాళ్లది. ఆ రోజే మా అన్నయ్య హాల్లో విరిగిన బల్లలు బాగుచేయడం మొదలుపెట్టాడు.

ఉద్దానం ఊళ్లకు స్థానిక పాస్టరమ్మగారు తీసుకెళ్లారు. ఇక్కడి కిడ్నీ జబ్బుకు ఇదమిత్థంగా కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. మందుల సంచులతో వెళ్లి క్యాంపు పెడదామని మాలో కొందరికి ఉంది. అమ్మగారు సున్నితంగా వద్దన్నారు. "మందులకి డాక్టర్లున్నారమ్మా. డయాలసిస్‌కి తోడు వెళ్లేవాళ్లు, ఇంటి దగ్గర పిల్లల్ని చూసేవాళ్లు కావాలి" అన్నారు. వారానికి రెండు మూడుసార్లు ఆసుపత్రికి వెళ్లి రావాలంటే కూలిపనికి వెళ్లే ఇంటికి అది ఎంత భారమో ఆ ముంగిట కూర్చుంటేనే తెలిసింది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది. యంత్రాలు ఉంటే చాలదు, వాటి దగ్గర ఓర్పుగా నిలబడే మనుషులు కావాలి.

మా చెల్లి ఒక పెద్దాయన చేతి మీది ఫిస్టులాను (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి చేసిన చోటు) చూసి, ఆ చేతితో బరువులు ఎత్తొద్దని, ఆ చేతికి బీపీ చూపించుకోవద్దని ఎంతో శ్రద్ధగా చెప్పింది. ఆయన "మా బాగా చెప్పినావమ్మా" అన్నాడు. ఆ సాయంత్రం ఆమె పలాస వైపే ఉద్యోగం చూసుకుంటానంది. మేం చప్పట్లు కొట్టి ఊరుకోలేదు. జీతం ఎంత రావచ్చు, ఎక్కడ ఉండాలి, రాత్రి డ్యూటీకి ఎలా వెళ్లాలి అని కూర్చుని మాట్లాడాం. ఆమె నాన్నగారితో అయ్యగారు మాట్లాడతారు. టీచరమ్మ ఇంటర్వ్యూకి తయారుచేస్తారు. మొదటి నెలల గది అద్దె మా సంఘ ఫెలోషిప్ చూసుకుంటుంది. పిన్ని నెలకోసారి వెళ్లి చూసొస్తానన్నారు.

వెళ్లాలనుకునేవాళ్లకు కాలం గురించి కూడా చెప్పాలి. అక్టోబరు, నవంబరు తుఫాన్ల నెలలు. 2018 అక్టోబరులో తిత్లీ ఈ ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్నే నేలకూల్చింది. డిసెంబరులో క్రిస్మస్ పనుల వల్ల సంఘాలకు తీరిక ఉండదు. వేసవిలో ఉక్కపోత భరించలేం. సంక్రాంతి వెళ్లాక ఫిబ్రవరి ఆఖరులోపు వెళ్లండి, రథసప్తమి రోజుల్లో మాత్రం శ్రీకాకుళంలో బస పెట్టుకోకండి. రైలులో వెళ్లేవాళ్లు పలాసలో దిగడం మంచిది, ఎక్స్‌ప్రెస్‌లన్నీ సోంపేటలో ఆగవు. స్థానిక పాస్టరుగారికి కనీసం నెల ముందు ఫోన్ చేసి, మీరేం తెస్తున్నారో చెప్పేలోపు వాళ్లకేం కావాలో అడగండి.