ఒక పి.08 లూగర్, పదకొండు పేజీల మదింపు నివేదిక

నా దగ్గరున్న 1937 నాటి పి.08 లూగర్ అనే జర్మన్ సైనిక పిస్టల్‌ను, పాత సైనిక ఆయుధాల వేలంతో పాటు నిజనిర్ధారణ, మదింపు కూడా చేసే ఒక సంస్థకు అప్పగించి పరీక్ష చేయించాను. అనుమతి పత్రాలన్నీ జతచేసి పంపాను. వాళ్లూ వాటిని సరిచూసుకున్నాకే పెట్టె విప్పారు. చేతికొచ్చిన పదకొండు పేజీల నివేదికను, పిస్టల్‌ను పక్కపక్కన పెట్టుకుని రెండు వారాల పాటు చదివాక ఈ సమీక్ష రాస్తున్నాను. లోహాన్ని చదవడంలో ఈ సంస్థ చూపిన నైపుణ్యానికి నేను కట్టిన రుసుము తక్కువే. కాగితాన్ని చదవడంలోనూ, ధర చెప్పడంలోనూ చూపిన అలసత్వానికి మాత్రం అదే రుసుము ఎక్కువ.

‘నంబర్లన్నీ కలుస్తాయి’ అని చెప్పి నాకు అమ్మిన పిస్టల్ ఇది. లూగర్ విషయంలో ఆ మాటకు చాలా బరువుంది. దీన్ని తయారుచేసిన మౌజర్ కర్మాగారంలో ఫ్రేమ్‌పైన, బారెల్ వెనుక ఉండే రిసీవర్ ఎడమవైపున, బారెల్ అడుగున పూర్తి సీరియల్ నంబరు వేసేవారు. ట్రిగ్గర్, దాన్ని కప్పే సైడ్ ప్లేట్, పేల్చినప్పుడు మోకాలిలా పైకి మడిచే టోగుల్ వంటి చిన్న భాగాలపై అందులోని చివరి రెండు అంకెలే కొట్టేవారు. ఒక్క చిన్న భాగం మారినా సేకరించేవారి దృష్టిలో విలువ పడిపోతుంది కనుక, వేరే పిస్టల్ నుంచి తెచ్చిన భాగంపై పాత అంకెలను అరగదీసి కొత్తవి కొట్టే విద్య కూడా చాలాకాలంగా సాగుతోంది. నా పిస్టల్‌ను విడదీయడానికి తిప్పే ఎడమవైపు లివర్ మీద సరిగ్గా అదే జరిగింది. దానిపై ‘48’ అని ఉంది, మిగతా భాగాలన్నిటితో కలుస్తుంది కూడా. అయితే దీపాన్ని ఏటవాలుగా పెట్టి తీసిన ఫొటోలో ఆ అంకెల చుట్టూ లోహం చెంచా గుంటలా కాస్త పల్లంగా కనిపిస్తుంది. సైడ్ ప్లేట్ మీది 4లో అడ్డగీత ఉన్న చోటు కంటే ఇక్కడి 4లో అది కొంచెం కిందికి ఉంది. పదేళ్లుగా ఆ పిస్టల్‌ను నూనెగుడ్డతో తుడుస్తున్న నా కంటికి ఇది ఒక్కసారి కూడా ఆనలేదు.

పైపూత గురించి రాసిన భాగం ఇంకా బాగుంది. లూగర్ల చరిత్రలో 1937 ఒక సంధికాలం. అంతవరకు మౌజర్ సంస్థ సన్నటి తుప్పు పట్టించి, రుద్ది, మళ్లీ పట్టించే నెమ్మదైన బ్లూయింగ్ (ఉక్కుకు నీలి నలుపు పూత తెప్పించే) పద్ధతిని వాడేది. ట్రిగ్గర్, సేఫ్టీ లివర్ లాంటి చిన్న భాగాలను వేడిచేసి వాటికి ఎండుగడ్డి రంగు తెప్పించేది. ఆ ఏడాదిలోనే వేడి లవణ ద్రావణంలో ముంచే బ్లూయింగ్‌కు మారి, గడ్డిరంగును వదిలేసింది. అందుచేత తూటా కూర్చునే చాంబర్‌పై 1937 అని ఉన్నంత మాత్రాన పసుపు భాగాలు ఉండి తీరాలని గాని, ఉండకూడదని గాని అనడానికి లేదు. నంబరు చివరి అక్షరాన్ని బట్టి అది ఏడాదిలో ముందు వచ్చినదా, వెనుక వచ్చినదా అని తేల్చుకోవాలి. నాది ముందు వచ్చినదేనని తేల్చాక పరిశీలకుడు ఆ రంగులను ఒక్కొక్కటిగా పోల్చారు. ట్రిగ్గర్‌పై గడ్డిరంగు వేలు ఆనే చోట వెలిసి బూడిదరంగులోకి జారింది. చుట్టూ ఉన్న నీలం అంచుల దగ్గర అరిగి తెల్లబడింది. మధ్యలో ఆ లివర్ ఒక్కటే ఎక్కడా చెరగని నారింజ రంగులో నిగనిగలాడుతోంది. ఫ్రేమ్, బారెల్ పూత అసలైనదేననీ, లివర్‌కు రంగు తరువాత వేసిందేననీ ఇచ్చిన తీర్పుతో నాకు పేచీ లేదు. టోగుల్‌పై మౌజర్ సంకేతమైన ‘ఎస్/42’, పక్కన గద్ద కింద 63 ఉన్న తనిఖీ ముద్రలు సక్రమంగానే ఉన్నాయని తేల్చారు.

ఇంత శ్రద్ధ చూపినవాళ్లు తూటాలు నింపే మ్యాగజైన్ల గురించి ‘రెండు ఉన్నాయి’ అని మాత్రం రాసి ఊరుకున్నారు. వాటిలో ఒకదాని అడుగున పిస్టల్ నంబరే ఉంది, దాని పక్కన అది అదనపు మ్యాగజైన్ అని తెలిపే ‘+’ గుర్తు కూడా ఉంది. పిస్టళ్లు మిగిలినంతగా వాటి సొంత మ్యాగజైన్లు మిగల్లేదు కాబట్టి ధరలో వీటి వాటా చిన్నది కాదు. లివర్‌పై రెండంకెలకు ఒక పేజీ కేటాయించినవారు దీనికి రెండు మాటలు చాలనుకోవడం వింతే.

అసలు ఫిర్యాదు కాగితం దగ్గర మొదలవుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో దొరికిన ఆయుధాన్ని ఇంటికి తీసుకువెళ్లేందుకు అమెరికా సైనికులకు పైఅధికారి సంతకంతో అనుమతి పత్రాలు ఇచ్చేవారు. అందులో సీరియల్ నంబరు ఉంటే ఆ పత్రం ఆ పిస్టల్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది. నాకు వచ్చిన పత్రంలో ‘పిస్టల్ ఒకటి’ అని తప్ప నంబరు లేదు. అది ఏ పిస్టల్‌కైనా నప్పుతుంది. నివేదిక మాత్రం దాన్ని ‘చరిత్ర’ అన్న శీర్షిక కింద చేర్చి, ఆ కారణం చూపి అంచనాను పెంచింది. పైగా గరిష్ఠ ధర కనిష్ఠ ధరకు రెట్టింపుంది. అంత వెడల్పున్న అంచనాతో బీమా కంపెనీకి ఏ అంకె రాసివ్వాలో నాకు పాలుపోలేదు.

ఇదే ధోరణి వాళ్ల వేలం జాబితాలోనూ కనిపించింది. 1941, 1942లలో ‘బీవైఎఫ్’ అనే మౌజర్ మరో సంకేతంతో, నల్లని ప్లాస్టిక్ గ్రిప్పులతో వచ్చిన మౌజర్ లూగర్లను ‘బ్లాక్ విడో’ అంటూ ప్రత్యేక రకంగా అమ్ముతున్నారు. ఆ పేరు యుద్ధం తరువాత వ్యాపారులు పెట్టింది, సైన్యం పెట్టింది కాదు. అరుదైనదంటే సింగర్ కుట్టుమిషన్ల సంస్థ చేసిన ఎం1911ఎ1 అనే అమెరికా సైనిక పిస్టల్ లాంటిది: చేసినవి 500, నంబర్లు ఎస్800001 నుంచి ఎస్800500 వరకు, తనిఖీ అధికారి జాన్ కె. క్లెమెంట్ పొడి అక్షరాలు ఫ్రేమ్‌పై ఉంటాయి. అక్కడ అరుదుతనాన్ని వేలుపెట్టి చూపించవచ్చు. ఫోన్‌లో ఈ మాటే అంటే, ‘నిజమేనండి, కానీ కొనేవారు ఆ పేరుతోనే అడుగుతారు’ అని మర్యాదగా జవాబిచ్చారు.

నా ఉత్తరం అందాక మ్యాగజైన్ల మీద అదనపు రుసుము లేకుండా మరో పేజీ రాసి పంపారు. ‘చరిత్ర’ శీర్షికను మాత్రం ముట్టుకోలేదు. అసలైన గడ్డిరంగు లివర్ వేరేది దొరికితే మార్చుకోవచ్చని పరిశీలకుడు సూచించారు. నేను మార్చదలుచుకోలేదు. ఏటవాలు వెలుతురు ఫొటో ఉన్న ఏడో పేజీని మడిచి, పిస్టల్ పెట్టెలోనే ఉంచాను.