మూడు దోమతెరలు, ఒకే ఎంజైమ్: ఏది మేలు?

మా చిన్నమ్మ వాళ్లది తాడ్వాయి అడవి అంచు. వానలు మొదలైతే చాలు, మలేరియా టెన్షన్. మొన్న ఫోన్ చేసి, "బిడ్డా, మందు దోమతెరల్ల మూడు రకాలున్నయంట, ఏది మంచిది?" అని అడిగింది. హన్మకొండలో డిగ్రీ పిల్లలకు బయోకెమిస్ట్రీ చెప్పేదాన్ని కదా, నాకిది ఇష్టమైన ప్రశ్న.

మొదటిది మామూలు పైరెత్రాయిడ్ తెర. చామంతి జాతి పూలలో ఉండే విషాన్ని చూసి తయారుచేసిన మందు ఇది. దోమ నరాలను దెబ్బతీస్తుంది. కానీ చాలాచోట్ల దోమలు దీనికి లొంగడం మానేశాయి. ఒక కారణం వాటి ఒంట్లోని పి450 ఎంజైములు. మందును ఆక్సీకరణం చేసి పనికిరాకుండా చేస్తాయి.

ఈ పి450లది పెద్ద వంశం. బాక్టీరియా నుంచి వేపచెట్టు దాకా ఉంటాయి. కార్బన్ మోనాక్సైడ్‌తో కలిసినప్పుడు 450 నానోమీటర్ల కాంతిని పీల్చుకుంటాయి కాబట్టి ఆ పేరు. మనుషుల్లో వీటికి 57 జన్యువులున్నాయి. కాలేయంలో మనం మింగిన మాత్రలను విరగ్గొట్టేవి కొన్ని, మూత్రపిండంలో విటమిన్ డి ని పనికొచ్చేలా మార్చేది ఒకటి, హార్మోన్లు తయారుచేసేవి మరికొన్ని.

రెండో తెరలో పైరెత్రాయిడ్‌తో పాటు పీబీఓ (పైపెరోనిల్ బ్యుటాక్సైడ్) అనే రసాయనం ఉంటుంది. అది పి450 చేతులు కట్టేస్తుంది, మందు మళ్లీ పనిచేస్తుంది. నువ్వుల నూనెలోని సెసమిన్‌దీ ఇదే గుణం! కాకపోతే పీబీఓ తెర నుంచి త్వరగా తగ్గిపోతుంది.

మూడోదానిలో పైరెత్రాయిడ్‌కు క్లోర్‌ఫెనాపిర్ తోడు. మామూలుగా చూస్తే అదంత విషం కాదు. దోమ పి450 దాన్ని విరగ్గొట్టబోయి తానే అసలు విషంగా మారుస్తుంది. ఆ విషం కణాల్లో శక్తి తయారీని ఆపేస్తుంది. పి450 ఎక్కువున్న దోమకే ముప్పు ఎక్కువ. నా ఓటు దీనికే. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా, పైరెత్రాయిడ్‌కు లొంగని దోమలున్నచోట మామూలు తెర కన్నా దీన్నే వాడమని గట్టిగా చెప్పింది. రెండో తెరనూ మూడో తెరనూ కలిపి వాడితే ఇంకా మంచిదేమో అనుకోకండి. పీబీఓ ఆ ఎంజైమ్‌ను ఆపేస్తే క్లోర్‌ఫెనాపిర్ విషంగా మారేదెలా?

"మరి దోమ ముట్టంగనే పడిపోతదా?" అంది చిన్నమ్మ. క్లోర్‌ఫెనాపిర్‌తో పడదు, ఒక్కోసారి మూడు రోజులు పడుతుంది. తెర ఏదైనా నీడలోనే ఆరేయమన్నాను, చిరుగు పడితే అదే రోజు కుట్టమన్నాను.