దించిన కారు, వెనక చక్రాల గెంతులు: సబ్‌ఫ్రేమ్ కాలర్లు వేయించి రెండేళ్లయ్యాక

విశాఖలో హనుమంతవాక సిగ్నల్ దగ్గర పచ్చ లైటు పడింది, కాస్త గట్టిగా తొక్కాను, వెనక చక్రాలు గట్టిగా ఒక్కసారి నేలని పట్టుకుని కారు ముందుకి దూకింది. అంతే, ఇంకేం చప్పుడు లేదు. రెండేళ్ల కిందట అదే చోట సీటు కింద ఎవరో సుత్తితో దడదడా బాదుతున్నట్టు ఉండేది. అందుకే వెనక సబ్‌ఫ్రేమ్‌కి, అంటే వెనక చక్రాల భాగాలని మోసే ఇనప చట్రానికి, వేయించిన ఈ అల్యూమినియం కాలర్లంటే నాకు ఇప్పటికీ అంత ఇష్టం.

నాది రియర్ వీల్ డ్రైవ్ సెడాన్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, కారు ఎత్తుని 30 మిల్లీమీటర్లు దించే స్ప్రింగులు వేయించాను. వీల్ హాప్, అంటే వెనక చక్రాల గెంతులు, ఆ వారంలోనే మొదలైంది. బీచ్ రోడ్డులో మరీ ఘోరం, గాలికి ఇసుక రోడ్డు మీదకి వచ్చేస్తుంది కదా, టైరు జారుతుంది, పట్టుకుంటుంది, మళ్లీ జారుతుంది. టైరు పట్టుకున్నప్పుడు సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌లు మెలిపడతాయి, జారగానే ఆ మెలి విడిపోయి వెనక్కి కొడుతుంది, ఇదంతా సెకనులో ఎన్నోసార్లు జరుగుతుంది, ఆ దెబ్బలన్నీ తినేది చక్రాలని తిప్పే డ్రైవ్ షాఫ్టులు. గెంతులు మొదలైతే వెంటనే కాలు తీసేయండి, తొక్కిపెట్టి ఉంచితే షాఫ్టు విరగొచ్చు.

ముందు డాంపర్లు, అంటే షాక్ అబ్జార్బర్లు, మార్చాను. పాతవి ఎత్తు కారు కోసం చేసినవి, దించాక, చక్రం మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు ముక్కలు, బంప్ స్టాప్‌ల మీదే కూర్చున్నట్టు ఉండేది. కొత్తవి పొట్టివి, గట్టివి. గెంతులు సగానికి తగ్గాయి, ఇక సమస్య తీరిపోయిందని స్నేహితులందరికీ చెప్పేశాను. ఆ మాట కొంచెం వెనక్కి తీసుకోవాలి, ఎందుకంటే పొడి రోడ్డు మీదే అది నిజం. వానలు పడగానే దడదడ మళ్లీ వచ్చింది.

అప్పుడు తెప్పించాను కాలర్లు. వెనక సబ్‌ఫ్రేమ్‌కీ బాడీకీ మధ్య నాలుగు పెద్ద రబ్బరు బుష్‌లుంటాయి, వాటికి పైనా కిందా ఉన్న ఖాళీల్లో ఇవి కూర్చుంటాయి, సబ్‌ఫ్రేమ్ ఊగకుండా పట్టుకుంటాయి. గాజువాక ఆటోనగర్‌లో నాకు తెలిసిన మేస్త్రీ గారి దగ్గరికి తీసుకెళ్లాను. సగం రోజు పని అనుకున్నాం, రెండు రోజులు పట్టింది. సముద్రపు గాలికి నాలుగు బోల్టుల్లో రెండు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. ఆయన తొందరపడలేదు, రాత్రంతా తుప్పు వదిలే ఆయిల్ పోసి ఉంచి, పొద్దున్న ఒక్కొక్కటీ నెమ్మదిగా విప్పారు. కొత్త బోల్టులు తెప్పించి వేశాం.

అసలు సంగతి అక్కడే బయటపడింది. కింద నిలబడి, చక్రాన్ని సబ్‌ఫ్రేమ్‌కి కలిపే కంట్రోల్ ఆర్ముల బుష్‌లు టార్చి లైటు వేసి చూస్తూ, "బాబూ, స్ప్రింగులు వేసినప్పుడు దీన్ని చక్రాలు వేలాడుతుండగానే బిగించేసేరు" అన్నారు. నాకు అర్థం కాలేదు. ఆయన వివరంగా చెప్పారు: ఈ బుష్‌ల రబ్బరు ఇనప గొట్టానికి అతుక్కుని ఉంటుంది, కారు గాల్లో ఉండగా బోల్టు బిగిస్తే, నేల మీదకి దించగానే రబ్బరు ముందే మెలిపడిపోతుంది. అంటే నా కారు ఆగి ఉన్నా దాని బుష్‌లకి విశ్రాంతి లేదన్నమాట. ఒక దానికి అప్పటికే చీలిక వచ్చింది. అది మార్చి, కారుని చక్రాల మీద నిలబెట్టి, అదే ఎత్తులో అన్ని బోల్టులూ వదులు చేసి మళ్లీ బిగించారు. ఆ తర్వాతే అలైన్‌మెంట్. స్ప్రింగులు వేసిన షాపులో ఈ పని చేయలేదని తెలిసి నాకు చాలా కోపం వచ్చింది, ఇప్పటికీ పోలేదు.

అందుకే గెంతులు పోయిన ఘనతంతా కాలర్లకే ఇవ్వలేను. రెండు పనులూ ఒకేసారి జరిగాయి, దేని వాటా ఎంతో చెప్పడం నా వల్ల కాదు. మొదట్లో కాలర్లే కాలర్లని అందరికీ చెప్పాను, ఇప్పుడు ఎవరైనా అడిగితే ముందు ఆ బోల్టులు ఏ ఎత్తులో బిగించారో చూసుకోమంటున్నాను. అది దాదాపు లేబర్ ఖర్చుతో అయిపోయే పని.

ఇంకొకటి, కాలర్లు వేశాక డిఫరెన్షియల్, అంటే వెనక చక్రాలకి శక్తి పంచే గేర్ల పెట్టె, సన్నని మోత ఇప్పుడు లోపలికి వినిపిస్తుంది. 70 దాటాక మొదలవుతుంది, ఆనందపురం నుంచి అనకాపల్లి దాకా హైవే మీద పాటలు పెట్టకపోతే తెలుస్తూనే ఉంటుంది. నేను ఎక్కువగా ఒక్కడినే నడుపుతాను, తెల్లవారుజామున భీమిలి వెళ్లి వస్తాను, కాబట్టి నాకు పర్వాలేదు. అమ్మని సింహాచలం తీసుకెళ్లిన రోజు మాత్రం ఆవిడ రెండుసార్లు అడిగింది, "ఆ మోతేంట్రా" అని. ఇంట్లో వాళ్లంతా ఎక్కే కారైతే నేను అల్యూమినియం బదులు మెత్తటి పాలీయురేథేన్ రకం కాలర్లే తీసుకునేవాడిని, గెంతులు కాస్త మిగిలినా సరే.